అమ్మ కర్ర తీసిన పాఠం

మైకు టీచర్ గురించి చెప్పాలంటే ముందు ఆవిడ గొంతు గురించి చెప్పాలి. చట్టం సంగతి తర్వాత. చట్టం నిన్నగాక మొన్న వచ్చింది. ఆ గొంతు మాత్రం తల్లులకూ వాళ్ళ పిల్లలకూ కూడా అక్షరాలు నేర్పిన గొంతు.

ఆవిడ ప్రభుత్వ పాఠశాలలో రెండో తరగతి పంతులమ్మగా చేరి, రెండో తరగతి పంతులమ్మగానే రిటైరైంది. గదిలో అరవైమంది పిల్లలు. నెత్తిమీద కిచకిచమనే ఫ్యాను, గోడకవతల మూడో తరగతి ఎక్కాలు, కిటికీ బయట లారీ హారన్లు. వీటన్నిటినీ దాటుకుని చివరి బెంచీ దాకా మాట వెళ్ళాలంటే మామూలు గొంతుతో అయ్యే పని కాదు. ఆవిడ "ఊఁ" అంటే చాలు, అరవై నోళ్ళు ఒక్కసారిగా తెరుచుకునేవి.

"పిల్లి పాలు తాగింది! కుక్క చూసి మొరిగింది! అక్క గిన్నె దాచింది! అమ్మ కర్ర తీసింది!"

ఆ నాలుగో వాక్యం దగ్గర పిల్లలకు ఎక్కడలేని హుషారూ వచ్చేది. బెంచీలు చరిచేవాళ్ళు. ఎదురుగా సైకిళ్ళు బాగుచేసేవాడు కూడా పంపు కొడుతూ గొంతు కలిపేవాడు. పెద్ద పంతుళ్ళు తనిఖీకి వస్తే మిగతా తరగతులు చూసి మొహం చిట్లించుకునేవారు గానీ, ఈ గది ముందు నిలబడి "చదువంటే ఇదీ" అని తల ఊపి వెళ్ళేవారు. ఆవిడకు మాత్రం అంతకన్నా కావలసిందేముంటుంది? చదువంటే ఇదేనని ఆవిడా నమ్మింది.

ఆవిడ భర్త వాచీలు బాగుచేస్తాడు. ఇంటి ముందుగది కిటికీయే ఆయన కొట్టు. కంటికి భూతద్దం తగిలించుకుని, చీమ కాలంత స్క్రూని పట్టుకారుతో ఎత్తేటప్పుడు వెనకనుంచి "ఏవండీ!" అని కేక వినిపిస్తే ఆ స్క్రూ మళ్ళీ ఈ జన్మలో దొరికేది కాదు. ఆయనకు కుడి చెవి మందం. "పెళ్ళికి ముందు రెండూ బాగానే పనిచేసేవి" అని వాచీ ఇవ్వడానికి వచ్చినవాళ్ళకల్లా చెప్పుకునేవాడు.

రిటైరయ్యాక ఇంట్లో గొంతుకు పనిలేకుండా పోయింది. "ఉప్పు ఎక్కడ పెట్టారండీ?" అని ఆవిడ వంటింట్లోంచి అడిగితే, పక్కింటావిడ డబ్బా పట్టుకుని గోడ దగ్గరికొచ్చేది. అరవైమందికి సరిపోయే గొంతుని ఒక చెవిటి మొగుడి మీద ఖర్చుపెట్టాల్సి రావడం ఆవిడకు బెంగగా ఉండేది. ఆ బెంగ ఎవరికి చెప్పుకుంటే మాత్రం ఏం లాభం? చెబితే వీధంతా వింటుంది.

అలాంటి రోజుల్లో శాసనసభకు ఒక కొత్త విషయం తెలిసింది. ప్రభుత్వ బడుల్లో చాలామంది పిల్లలకు చదవడం రాదట. అంతకుముందు రోజు దాకా అందరికీ వచ్చనే అనుకున్నారు కాబోలు, సభలో అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఆ వేడిలోనే చట్టం చేసేశారు. దానిపేరు ముమ్మర బోధన చట్టం. వెనకబడిన పిల్లలను ముగ్గురికి మించకుండా ఒక జట్టు చెయ్యాలి. ఆ జట్టుకు ఒకే టీచర్ ఉండాలి. విడిగా, నిశ్శబ్దంగా ఉండే గదిలో, బడి వేళల్లోనే చెప్పాలి. అలాగని ఏ పాఠమూ పోకూడదు, ఆట తగ్గకూడదు, అన్నం వేళ ముట్టుకోకూడదు. ఏడాది చివర శాసనసభ కమిటీ వచ్చి చూస్తుంది. అప్పటికీ చదవడం రాని పిల్లలు అదే తరగతిలో మళ్ళీ కూర్చోవాలి.

మైకు టీచర్ పేపర్లో ఇదంతా చదివి వినిపిస్తే భర్త భూతద్దం తీసి పక్కన పెట్టాడు.

"పాఠం కాకుండా, ఆట కాకుండా, అన్నం కాకుండా బడిలో ఇంకో టైము ఉందా? ఇన్నేళ్ళుగా వాచీలు విప్పుతున్నాను, నాకెక్కడా కనపడలేదే!"

హెడ్మాస్టరుకూ మొదట కనపడలేదు. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక, పొద్దున్న ప్రార్థన తర్వాత తను రోజూ ఇచ్చే ప్రసంగం గుర్తొచ్చింది. అది పాఠం కాదు, ఆట కాదు, అన్నం అంతకన్నా కాదు. ఆయన మనసు చివుక్కుమన్నా చట్టం చట్టమే కదా అని సరిపెట్టుకున్నాడు. మొత్తం మీద ఆ చట్టం వల్ల మొదటి మేలు పొందినవాళ్ళు ఆ ప్రసంగం తప్పిన పిల్లలే. ఇక నిశ్శబ్దంగా ఉండే గది అంటే ఆటసామాను కొట్టు ఒక్కటే దొరికింది. అందులో గాలిపోయిన బంతులు, కాలు విరిగిన బెంచీలు, ఏ పిల్లవాణ్ణి నిలబెట్టినా ఒకే బరువు చూపించే తూకం మిషను.

పిల్లలను ఏరడానికి ఒక్కొక్కరినే పిలిచి, ముందెన్నడూ చూడని పేజీ ఒకటిచ్చి చదవమన్నారు. ఒంటరిగా నిలబెట్టేసరికి తరగతికి తరగతే నీళ్ళు నమిలింది. టీచర్లు చాలక రిటైరైనవాళ్ళను వెనక్కి పిలిచారు. హెడ్మాస్టరు స్వయంగా మైకు టీచర్ ఇంటికి వచ్చాడు.

"మీరు దిగిపోయాక రెండో తరగతి గాడి తప్పింది మేడం. మీరే వచ్చి నిలబెట్టాలి."

"నాకు తెలుసు సార్, ఇలాగే అవుతుందని! నేను అప్పగించినప్పుడు ఒక్కొక్కళ్ళూ ముత్యాల్లా చదివేవాళ్ళు" అంది ఆవిడ. పక్కింటావిడ ఉప్పుడబ్బాతో రాబోయి, విషయం వేరే అని తెలిసి వెనక్కి తిరిగింది.

ఆవిడ వంతుకు ముగ్గురు వచ్చారు. ఒకడు చిలక. పరీక్షలో బస్సు గురించిన పేజీ చేతికిస్తే, దాన్ని ఎదురుగా పట్టుకుని పిల్లి పాఠం గడగడా అప్పజెప్పి, భేష్ అనిపించుకోవడానికి నిలబడ్డాడు. రెండోవాడు నిద్రమొహం. వాణ్ణి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మూడోది నిచ్చెన. ఆ పిల్లది రెండో తరగతిలో రెండో ఏడు. తోటివాళ్ళకన్నా తలెత్తు పొడుగు. వరసలో ఎక్కడ నిలబెట్టినా కనపడుతుందని భుజాలు వంచి, మెడ లోపలికి లాక్కుని నడిచేది. పరీక్షలో పేజీ చూసి నోరు విప్పలేదు. నిరుడు మైకు టీచర్ చివరి తరగతిలో కూర్చున్నది ఈ పిల్లే.

మొదటిరోజు ఆటసామాను కొట్టులో ఆవిడ అలవాటుగా నిలబడి, అలవాటుగా "ఊఁ" అంది. అటక మీదనుంచి బంతి ఒకటి దొర్లి పడింది. నిద్రమొహం ఉలిక్కిపడి లేచి ఏడుపు లంకించుకున్నాడు. బయట హెడ్మాస్టరు ప్రసంగం మధ్యలో ఆగిపోయింది. చిలక మాత్రం తడుముకోకుండా "పిల్లి పాలు తాగింది!" అని ఎత్తుకున్నాడు. నిచ్చెన పెదాలు చకచకా కదిలాయి.

ఆవిడ ఆ పెదాలనే చూస్తూ ఉండిపోయింది. కదులుతున్నాయి గానీ వాటిలోంచి ఏమీ రావడం లేదు.

"నువ్వొక్కదానివే చదవమ్మా" అంది.

పెదాలు ఆగిపోయాయి.

నిరుడంతా ఆ పెదాలు చూసే, వెనక బెంచీలో ఆ పొడుగు పిల్ల ఎంత ముచ్చటగా చదువుతోందో అనుకునేది ఆవిడ. ఏడాది చివర ఆ పిల్ల తప్పితే, జ్వరం వచ్చుంటుందిలే, పరీక్ష సరిగ్గా రాసి ఉండదు అనుకుంది. అరవైమంది అరుపులో ఒక్క పిల్ల మౌనం ఎవరికి వినపడుతుంది? ఆవిడకు ఒక్కసారిగా సిగ్గేసింది. తప్పంతా తర్వాత వచ్చిన టీచరు మీద తోసేద్దామన్నా, ఆ పిల్ల ఈవిడ చేతుల్లోనే తప్పింది మరి.

ఆ వారమే నిచ్చెన తల్లి వచ్చింది. లాండ్రీలో ఇస్త్రీ పని ఆమెది. ముంజేతుల మీద పెట్టె అంచు తగిలిన మచ్చలు. గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"ఈసారి కూడా అదే తరగతి అంటే ఇంక చాలు టీచరమ్మా. నాతోపాటు పనిలోకి తెచ్చేసుకుంటాను. చిన్నపిల్లల మధ్యలో కూర్చోలేక రోజూ పొద్దున్నే కడుపునొప్పి అంటోంది. అబద్ధమని నాకూ తెలుసు, దానికీ తెలుసు. తిట్టాలంటే నోరు రావట్లేదు."

"ఈసారి అలా జరగదమ్మా" అంది టీచరు.

"మీరు పోయినేడూ బాగా చదువుతోందన్నారు కదమ్మా."

దెప్పిపొడవడానికి అనలేదు ఆమె. అందుకే ఆ మాట ఆవిడకు అన్నం కూడా సయించనివ్వలేదు.

ఆ సాయంత్రం నుంచి ఆవిడ గొంతు తగ్గించడం నేర్చుకుంది. నవ్వకండి, అది మామూలు పని కాదు. ముప్పై ఏళ్ళు పరిగెత్తిన లారీని ముగ్గురు పట్టే సందులో వెనక్కి నడిపినట్టు. భర్తను ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడేది.

"ఇంకా తగ్గించు. నాకొక్కడికే చెబుతున్నావు, వీధికి కాదు" అనేవాడు ఆయన.

"మీకు వినపడదు కదా!"

"వినపడకపోతే నేను దగ్గరికి జరుగుతానుగా. జరగనివ్వవేం?"

ఆయన జరిగాడు. చాలా ఏళ్ళ తర్వాత ఇద్దరూ మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. ఆ నెల్లో ఆయన స్క్రూ ఒక్కటి కూడా పోలేదు.

కొట్టులో కూడా ఆవిడ నిలబడడం మానేసి, కాలు విరిగిన బెంచీకి ఇటుక పెట్టించి పిల్లల పక్కన కూర్చుంది. కోరస్ బంద్. చిలకకు పాఠం వెనకనుంచి ముందుకు చదివే పనిపెట్టింది. వాడు కంఠస్థం పనికిరాక బిక్కమొహం వేశాడు. నిద్రమొహానికి ఆ మెల్లటి గొంతు మరీ హాయిగా ఉండి ఇంకా నిద్రపోయాడు. నిచ్చెన మాత్రం అక్షరం మీద వేలుపెట్టి, ఒక్కో ముక్కా కూడబలుక్కుని, చెవిలో చెప్పినంత చిన్నగా చదవడం మొదలుపెట్టింది. ప. పి. పిల్లి. ఆ పిల్ల గొంతు కాస్త జీరగా ఉంటుందని ఆవిడకు అప్పుడే తెలిసింది. ఏడాదిపాటు రోజూ ఎదురుగా కూర్చున్న పిల్ల గొంతు వినడం అదే మొదటిసారి.

చలి పోయి ఎండలు ముదిరే రోజుల్లో ఒక పొద్దున్న నిచ్చెన పిల్లి పాఠం మొత్తం ఒక్కతే చదివింది. పిల్లి పాలు తాగింది. కుక్క చూసి మొరిగింది. అక్క గిన్నె దాచింది.

"అమ్మ... న... నవ్వి... ఊ... ఊరుకుంది."

ఆవిడకు ఉసూరుమనిపించింది. "అంతా బాగా చదివి చివర్లో సొంతంగా చెప్పేస్తే ఎలాగమ్మా? కర్ర తీసింది, అను."

పిల్ల అనలేదు. వేలు అక్కడే పెట్టి ఉంచింది. ఆవిడ వేలు పక్కకు జరపబోతే, గట్టిగా నొక్కిపట్టింది.

"ఇక్కడ క లేదు టీచర్."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పేజీ మీదికి వంగింది. అచ్చులో స్పష్టంగా ఉంది. అమ్మ నవ్వి ఊరుకుంది.

తర్వాత వాకబు చేస్తే తెలిసింది. పుస్తకాల కమిటీవారు, తల్లి కర్ర తియ్యడం పసిమనసులకు మంచిది కాదని, ఆ వాక్యం మార్చి రెండేళ్ళు దాటింది. అంటే ఆవిడ చివరి ఏడాది చెప్పింది కూడా ఈ కొత్త పుస్తకమే. ఆ ఏడాదంతా అరవైమంది ఆ పేజీ ముందు పెట్టుకుని కర్ర తీసిందని అరిచారు. ఆవిడ అరిపించింది. తర్వాత వచ్చిన టీచరూ అరిపించింది. పైతరగతుల అన్నలూ అక్కలూ ఇంట్లో నేర్పి పంపారు. పుస్తకం కొత్తదని అంతమందిలో ఒక్కరికీ తెలియకపోవడానికి కారణం ఒక్కటే. ఆ పుస్తకాన్ని ఎవరూ చదవలేదు.

అది తలుచుకుని ఆవిడ కొట్టులోనే కళ్ళు తుడుచుకుంది. అందులో సిగ్గూ ఉంది. కానీ మొదట ముంచుకొచ్చింది సంతోషమే. అంతమందిలో చదివినది ఈ పిల్ల.

శాసనసభ కమిటీ రానే వచ్చింది. ఆటసామాను కొట్టులో కమిటీ పట్టదు కనుక హెడ్మాస్టరు ముమ్మర బోధన పిల్లలందరినీ, కళగా ఉంటుందని మామూలు పిల్లలను కూడా, పెద్ద హాల్లో ముగ్గురేసి చొప్పున కూర్చోబెట్టాడు. తల్లిదండ్రులు గోడవార నిలబడ్డారు. చట్టం తెచ్చిన కమిటీ అధ్యక్షుడు మధ్య కుర్చీలో కూర్చున్నాడు. ఫొటోలో బాగుండదని కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఒక్కొక్కళ్ళనీ చదివించండి సార్" అని మైకు టీచర్ హెడ్మాస్టరు చెవిలో అంది.

"అంత టైమెక్కడిది మేడం? అయ్యగారికి ఇంకో నాలుగు బడులున్నాయి. పుణ్యముంటుంది, మీ పాత పద్ధతిలో ఒక్కసారి దంచేయండి. మీ గొంతు మన బడి ఆస్తి!"

వద్దనాలి. ఆవిడకు తెలుసు. కానీ హాలు నిండా పిల్లలు, అందరి కళ్ళూ తన మీద. ఇన్నాళ్ళుగా అణిచిపెట్టిన గొంతు గుండెల్లోంచి పైకి తన్నుకొచ్చింది. "ఊఁ" అనేసింది.

హాలు అదిరిపోయింది. పిల్లి పాలు తాగింది, కుక్క చూసి మొరిగింది. అధ్యక్షుడి పాదం తాళం వేస్తోంది. ఆయన పెదాలు కూడా కదులుతున్నాయి. అక్క గిన్నె దాచింది. "అమ్మ కర్ర తీసింది!" అని కప్పు ఎగిరిపోయేలా అరిచి హాలంతా చప్పున ఆగింది.

ఆ నిశ్శబ్దంలో వెనకనుంచి, ఒక్క అడుగు ఆలస్యంగా, జీరగొంతు ఒకటి వినపడింది.

"అమ్మ... నవ్వి... ఊరుకుంది."

నవ్వులు లేచాయి. "ఎవరది?" అన్నాడు అధ్యక్షుడు. నిచ్చెన లేచి నిలబడింది. ఎంత వంగినా దాగలేదు పాపం.

"ఎన్నో తరగతి?"

"రెండండీ."

ఆయన జాలిగా పెదవి విరిచాడు. "ఇంత పొడుగుంది, ఇంకా నోటికి రాలేదు. చూశారా హెడ్మాస్టరుగారూ, మా చట్టం ఇలాంటివాళ్ళ కోసమే. ఇంకో ఏడాది ఇక్కడే ఉంచండి."

గోడ దగ్గరనుంచి నిచ్చెన తల్లి కదిలింది. పిల్లల మధ్యనుంచి దారి చేసుకుని వచ్చి, కిందపెట్టి ఉన్న కూతురి సంచి చేతిలోకి తీసుకుంది. తీరు చూస్తే లాండ్రీలో మూట ఎత్తుకున్నట్టే ఉంది. మైకు టీచర్ ఆ సంచినే చూసింది. అంతే, ఇంక ఆగలేకపోయింది.

"సార్, ఒక్కసారి ఆ వాక్యం మీరు చదవండి" అని నిచ్చెన పుస్తకం తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టింది.

అధ్యక్షుడు ముచ్చటపడ్డాడు. పుస్తకం చాచి పట్టుకుని, కెమెరా వైపు కాస్త తిరిగి, శాసనసభ గొంతుతో చదివాడు. "అమ్మ కర్ర తీసింది."

చప్పట్లు మోగిపోయాయి. అవి తగ్గాక నిచ్చెన అంది, "అక్కడ అలా లేదండీ."

ఆయన సెక్రటరీ నవ్వుతూనే వంగి చూశాడు. చూసి, నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అధ్యక్షుడి జేబులోంచి కళ్ళజోడు తీసి మెల్లగా అందించాడు. ఆయన పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. ఒక్క వాక్యానికి అంతసేపు అక్కర్లేదు.

"సార్, ఈ హాల్లో చదివింది ఈ పిల్ల ఒక్కతే" అంది మైకు టీచర్. గొంతు పెంచలేదు. అయినా గోడ దాకా వినపడింది. "మిగతావాళ్ళంతా నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు."

అధ్యక్షుడు కళ్ళజోడు తీశాడు. "మరి నేను?"

"మీరూ నాలాంటి టీచరు దగ్గరే నేర్చుకుని ఉంటారు సార్."

హెడ్మాస్టరు మొహంలో నెత్తురుచుక్క లేదు. కానీ అధ్యక్షుడు ఊరికే అధ్యక్షుడు కాలేదు. కళ్ళజోడు మడిచి, పుస్తకం మూసి, తీర్పు చెప్పేశాడు.

"పిల్ల పాస్. పుస్తకం ఫెయిల్. ఇంతమంది ప్రజల నోట ఉన్నమాట పుస్తకంలో లేకపోతే తప్పు ఎవరిది? దిద్దించండి!"

మళ్ళీ చప్పట్లు. మొదటిసారికన్నా గట్టిగా కొట్టారు. తల్లి సంచిని కూతురి భుజానికి తగిలించి, కొంగుతో మొహం తుడుచుకుని బయటికి వెళ్ళిపోయింది. పనికి ఆలస్యమైందట.

తర్వాత కమిటీ తన నివేదికలో, హాల్లో చూసిన అద్భుత ఫలితాలను బట్టి ముగ్గురేసి అన్న నియమం అనవసరమని, ముప్పైమందిని ఒకేసారి కూర్చోబెట్టినా బోధన ముమ్మరంగానే ఉంటుందని రాసింది. చట్టాన్ని సవరించారు కూడా. మైకు టీచర్ ఆ ముప్పైమందికి చెప్పనని చెప్పేసింది. వెళ్ళిపోయే ముందు ఒక్క పని మాత్రం ఒప్పుకుంది. బడికి దిద్దుబాటు చీటీలు కట్టలుగా వచ్చాయి. ప్రతి చీటీ మీదా ఒకే వాక్యం. అమ్మ కర్ర తీసింది. రెండో తరగతి పుస్తకాలన్నిటిలో దాన్ని కొత్త వాక్యం మీద అంటించాలి.

ఆటసామాను కొట్టులో ఆవిడ, నిచ్చెన కూర్చున్నారు. నిచ్చెన ఇప్పుడు మూడో తరగతి. భుజాలు ఇంకా కాస్త వంగే ఉన్నాయి గానీ మెడ బయటికొచ్చింది. జిగురు సీసా మూత తీసి, మొదటి పుస్తకం తెరిచి, చీటీ చదివింది. దానికింద అచ్చులో ఉన్నదీ చదివింది.

"టీచర్, ఇది అంటిస్తే కింద ఉన్నది తప్పయిపోతుందా?"

బయట కొత్త ముప్పైమంది, కొత్త టీచరు "ఊఁ" కోసం ఎదురుచూస్తూ గొంతులు సవరించుకుంటున్నారు. ఆవిడ బెంచీ మీద పిల్ల పక్కకు జరిగింది. మోకాళ్ళు తగిలేంత దగ్గరగా వచ్చి, ఆ ఒక్క పిల్లకే వినపడేలా చెప్పింది.

"జిగురు పై అంచుకి మాత్రమే రాయి తల్లీ. కింది అంచు వదిలెయ్, ఎత్తితే చదవొచ్చు."